కుండపెంకులకూ ఓ స్కాలర్‌షిప్

నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. సాగర్ నీళ్లు వచ్చి ముంచేలోపు చేతనైనంత బయటికి తీయాలన్న తొందర అది. తీశారు. ఆ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది, రెండోది 2006లో. అంటే పని ముగిసిన 46 ఏళ్లకు. ఆ గుంటల్లో దిగినవాళ్లలో ఎందరు దాన్ని చూసుకోగలిగారో!

పురావస్తు శాస్త్రం చదివే పీజీ విద్యార్థులకు ఆర్థిక సాయం అనగానే నాకు ముందు ఈ ఆలస్యమే గుర్తొస్తుంది. తవ్వకానికి డబ్బు ఎలాగోలా పుడుతుంది. మంత్రిగారు కొబ్బరికాయ కొడతారు, పేపర్లో ఫొటో పడుతుంది. తీసిన పెంకులను కడిగి, నంబరు వేసి, బొమ్మ గీసి, ఏ పొరలో ఏది దొరికిందో రాసిపెట్టే పనికి మాత్రం పైసా పుట్టదు. దానికి కావలసింది కుర్ర కళ్లు, ఓపిక. అవి ఉన్నవాళ్లేమో మన విశ్వవిద్యాలయాల్లో ఎమ్మే చదువుతూ బస్సు చార్జీలకు తడుముకుంటున్నారు.

సాయమే లేదనను. నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. కాకపోతే అది పీహెచ్‌డీలో చేరాకే. యూజీసీ పీజీ స్కాలర్‌షిప్ నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు ఇస్తుంది. దేశంలోని పీజీ విద్యార్థులందరికీ కలిపి అవి పదివేలు. గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే డిప్లొమాకు స్టైపెండ్ ఉంది, సీట్లు 15. మంచివే అన్నీ. అయితే ఇవి విద్యార్థి తిండికీ గదికీ సరిపోతాయి. చేయవలసిన పనికి విడిగా ఏమీ మిగలదు.

కెమిస్ట్రీ విద్యార్థికి ల్యాబ్ కాలేజీలోనే ఉంటుంది. ఈ విద్యార్థి ల్యాబ్ ఫణిగిరి గుట్ట మీదుంటుంది, లేదా 74,000 ఏళ్ల కిందటి టోబా అగ్నిపర్వతపు బూడిద బయటపడిన జ్వాలాపురం పొలాల్లో ఉంటుంది. వెళ్లాలి, వారం పదిరోజులు ఉండాలి, తినాలి. ఆడపిల్లకైతే నమ్మకమైన బస కూడా చూసుకోవాలి. ఇంట్లో భరించగలిగితే వెళ్తారు. లేకపోతే లైబ్రరీలో పాత పుస్తకాలు ముందేసుకుని డిసర్టేషన్ అయిందనిపిస్తారు. అలాంటివి చాలానే ఉన్నాయి, తప్పు వాళ్లది కాదు.

ఫణిగిరిలోనే 2024లో ఒక్క కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయినీ గుర్తు. ఒక్కొక్కటే తూచాలి, కొలవాలి, అరిగిన ముద్రలు పోల్చాలి. ఇద్దరు ఎమ్మే విద్యార్థులకు ఇంతకంటే మంచి డిసర్టేషన్ ఏముంటుంది?

నేను అడిగేది చిన్నదే. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలూ ఏటా చెరో ఇరవై మంది పీజీ విద్యార్థులకు తలా 30,000 ఇవ్వాలి. సగం మందిని క్షేత్రానికి పంపాలి, మిగతా సగాన్ని శాఖ గిడ్డంగుల్లోని పాత సామగ్రి మీద కూర్చోబెట్టాలి. డబ్బు ముందే ఇవ్వాలి, బిల్లులు తెచ్చాక కాదు. చేతిలో ఉంటే వాళ్లు అడగనే అడగరు. నివేదికలో విద్యార్థి పేరు అచ్చు కావాలి. మార్కుల జాబితా పక్కన పెట్టి, ఏం చేస్తావో రెండు పేజీల్లో రాసివ్వమనాలి.

పిల్లల చేతికిస్తే వస్తువులు విరుగుతాయి, పోతాయి అంటారు అధికారులు. భయం సహజమే, పక్కన ఒక క్యూరేటర్‌ను పెట్టండి. లేబుల్ చెరిగిపోయి, ఏ ఊరిదో, ఏ పొరదో చెప్పలేని పెంకు మాత్రం పోయినట్టే కదా? గోనెసంచుల్లో అది రోజూ జరుగుతోంది.

ఖర్చు రాష్ట్రానికి ఏడాదికి ఆరు లక్షలు. వచ్చే బడ్జెట్‌లో ఆ పద్దు రాయండి.