చెవికి ఇంపు, తలకు సుఖము

కంటికి రెప్ప కలదు. చెవికి మూత లేదు. చూడ నొల్లని దానినుండి చూపు మరల్చుకొనవచ్చును గాని, విన నొల్లని దానినుండి చెవిని మరల్చుకొనుట దుర్లభము. అట్టి చెవులకు మనమే మూతలు చేయించి, ఆ మూతలలో సంగీతమును, పాఠమును, ప్రసంగమును నింపుకొనుచున్న కాలమిది. చెవులను పూర్తిగ గప్పు హెడ్‌ఫోనులు నేడు విద్యార్థుల మెడలలో కండువాలవలె కనబడుచున్నవి. వీనిలో నేది మేలైనదను చర్చ మన వసతిగృహమున తరచుగ జరుగుచుండును. ఒకరు ధ్వనిని మెచ్చుదురు. మరియొకరు వెలను చెప్పి తక్కినవారి నోరు మూయింతురు. ఈ విషయమున నాకు తోచిన యభిప్రాయమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయుచున్నాను.

మన పుస్తకశాలకు ప్రతిదినము సాయంకాలమున నొక విద్యార్థి వచ్చుచుండును. అతనికి చూపు మిక్కిలి మందము. తోటివారు గొంతెత్తి చదివి, రికార్డు చేసి యిచ్చిన పాఠములను అతడు చెవులతో చదువుకొనును. అతనికొరకు గడచిన యేట మేమొక జత హెడ్‌ఫోనులు కొంటిమి. అంగడిలో పాట పెట్టి వినగా మృదంగపు నాదము గుండెకు తగిలినట్లుండెను. అందరము సంతసించితిమి. పది దినములు గడచిన పిమ్మట అతడు వానిని మెడలో వేసికొని యూరక కూర్చుండుట చూచి కారణ మడిగితిని. "మాస్టరుగారూ, ధ్వని బాగుగనే యున్నదండీ. కాని అరగంటకే చెవిడొప్పలు మండుచున్నవి. తీసి మరల పెట్టుకొనునప్పటికి పాఠము తెగిపోవుచున్నది" అని అతడు చెప్పెను. మేము కొనునప్పుడు ఒక్కొక్కరము రెండేసి నిమిషములు వింటిమి. అతడు దినమునకు మూడు గంటలు వినవలసియుండెను. తప్పు మాదే.

ధ్వని యొకటి, సుఖము మరియొకటి యనియు, మొదటిది ముఖ్యమనియు, రెండవది విలాసమనియు మనము తలంచుచున్నాము. ఇది పొరపాటని నా యభిప్రాయము. హెడ్‌ఫోనులయందు సుఖము ధ్వనిలో నొక భాగమే. ఎంత మంచి ధ్వనియైనను తలపై నిలువని యంత్రమునుండి వచ్చెనేని, అది వినబడని ధ్వనియే యగును.

ఈ సాధనముల చరిత్రము చూచినను ఇదియే తెలియుచున్నది. 1880ల దశకమున టెలిఫోను ఉద్యోగినులు వాడిన తొలి పరికరము భుజములపై మోయవలసినంత బరువుండెను. 1910వ సంవత్సరమున అమెరికాలోని యూటా ప్రాంతమువాడగు నథానియల్ బాల్డ్విను తన యింటి వంటగదిలో హెడ్‌ఫోనులను చేసి యా దేశపు నౌకాదళమునకు పంపెను. గొప్ప ప్రార్థనామందిరమున ప్రసంగములు తనకు స్పష్టముగ వినబడకపోవుటయే యాయనను ఈ పనికి పురికొల్పెనని చెప్పుదురు. 1958లో జాన్ కాస్ అను నమెరికా దేశస్థుడు రెండు చెవులకు వేర్వేరుగ ధ్వని నందించు స్టీరియో హెడ్‌ఫోనులను సంగీతప్రియులకొరకు వెలువరించెను. 1968లో జర్మనీ దేశపు సెన్‌హైజర్ కంపెనీవారు వెనుకభాగము తెరచియుండు హెచ్.డి. 414 అను తేలికైన రకమును, స్పాంజి మెత్తలతో చేసి యమ్మిరి. తల మోయలేని దానిని తల మోయునట్లు చేయుటయే ఈ శిల్పమున సగము పని.

సుఖమునకును ధ్వనికిని గల సంబంధమును విజ్ఞానశాస్త్రము చదువు విద్యార్థులు సులభముగ గ్రహింపగలరు. మూసిన గిన్నెల హెడ్‌ఫోనులలో చెవిమెత్త చెంపకు చుట్టును సరిగ నంటుకొనినప్పుడే లోపలి గాలి బంధింపబడి మంద్రధ్వనులు నిండుగ వినబడును. ఎక్కడనైనను సందు కలిగెనా, మొదట కారిపోవునది మంద్రధ్వనియే. కండ్లజోడు పెట్టుకొనువారికి ఆ జోటి కాడ మెత్త క్రింద సందు చేయును. అందుచేత నొకే హెడ్‌ఫోనులు ఇరువురికి రెండు విధములుగ వినబడుట యాశ్చర్యము కాదు. సందు పోవుటకై పట్టును బిగించినచో, కాడ కణతకు గ్రుచ్చుకొని నొప్పి కలుగును. మెత్తలు అరిగి చదునైనచో, చెవిడొప్ప లోపలి గట్టిభాగమునకు తగులును, ధ్వనియు మారును. కాబట్టి మెత్తయన్నది కేవలము దిండు కాదు. వీణకు బుర్ర యెట్టిదో దీనికి మెత్త యట్టిది.

ఇక పేరుగన్న మూడు రకములను పోల్చి చూతము. మొదటిది 1997లో వెలువడిన సెన్‌హైజర్ హెచ్.డి. 600. వెనుక తెరచియుండును, బరువు సుమారు 260 గ్రాములు, మెత్తలు మఖమలువంటి గుడ్డతో చేసినవి. కంఠస్వరము దీనిలో వినబడినంత సహజముగ మరియొక దానిలో వినబడుట యరుదు. గాయకుడు ఎదుటి గదిలో కూర్చుండి పాడుచున్నట్లుండును. చెవులకు గాలి యాడును గనుక మన కోస్తా వేసవియందును చెమట తక్కువ. క్రొత్తలో తలను కొంచెము గట్టిగ పట్టునుగాని, కాలక్రమమున సడలును. భాగము లన్నియు విప్పి మార్చుకొనవచ్చును. లోపములు లేకపోలేదు. మిక్కిలి లోతైన మంద్రము పలుచన. దీని విద్యున్నిరోధము 300 ఓములు గనుక చిన్న ఫోనునుండి బలముగ పలుకదు. ముఖ్యముగ, లోపలి పాట బయటికిని, బయటి రొద లోపలికిని ధారాళముగ రాకపోకలు చేయును. నిశ్శబ్దముగ నుండవలసిన పుస్తకశాలలో నిది ప్రక్కవానికి శిక్ష.

రెండవది 1991లో వచ్చిన సోనీ ఎం.డి.ఆర్. 7506. వెనుక మూసియుండును; సుమారు 230 గ్రాములు; మడిచి సంచిలో పెట్టుకొనవచ్చును. రికార్డింగు శాలలలోను, రేడియో పనివారి తలలపైనను దీనిని చాలకాలముగ చూచుచున్నాము. హెచ్చుస్వరములను కొంత పదునుగ పలుకును. ఆ పదును పాటకు కొన్నిసార్లు కటువే యైనను మాటకు మేలు చేయును. మన తెలుగున శకార షకార సకారముల భేదము, ఒత్తక్షరములలోని యూపిరి, ఈ హెచ్చుధ్వనులయందే యున్నవి. మంద్రమును మితిమీరి పెంచిన హెడ్‌ఫోనులలో నివి మసకబారును. అయితే దీని మెత్తలు పలుచని కృత్రిమచర్మముతో చేసినవి. వేడిమికి చెమట పట్టును; కొన్నియేండ్లకు పైపొర రాలును. మెత్తలను వేరుగ కొని మార్చుకొనవచ్చుననుట దీని యదృష్టము.

మూడవది రొద నణచు జాతి. దీని కథలో మన దేశమునకును కొంత పాలు కలదు. అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌గారి తండ్రి వంగదేశమునుండి వెడలిన స్వాతంత్ర్యోద్యమవాది. బోస్‌గారు 1978లో విమానమున ప్రయాణించుచు, ఇంజనుల మ్రోతలో హెడ్‌ఫోనుల సంగీతము మునిగిపోవుట చూచి, ఆ మ్రోతనే ధ్వనితో నణచు నుపాయమును గూర్చి యాలోచించెను. 1989లో ఆయన కంపెనీ విమానచోదకులకొరకు అట్టి సాధనమును వెలువరించెను. గిన్నెలోని చిన్న మైక్రోఫోను వెలుపలి రొదను పట్టును. యంత్రము దానికి సరిగ నెదురైన యలను పుట్టించును. ఒక యల యుబ్బు మరియొక యల పల్లమున పడి రెండును శాంతించును. ఫ్యాను మ్రోత, బస్సు ఇంజను రొదవంటి యెడతెగని మంద్రధ్వనుల కిది దివ్యౌషధము. మనుష్యుల మాటలను, హఠాత్తుగ మ్రోగు గంటను అంతగ నణపజాలదు. ఈ జాతిలోని సోనీ డబ్ల్యు.హెచ్. 1000 ఎక్స్.ఎం. 4 అనునది 2020లో వచ్చెను. సుమారు 254 గ్రాముల బరువు, మృదువైన మెత్తలు, తేలికైన పట్టు గలది. ధ్వనిలో మంద్రము సహజముకంటె హెచ్చు. దానిని ఫోనులో తగ్గించుకొనవచ్చును. కొందరికి రొద నణగినప్పుడు చెవిలో నొత్తిడివంటి భావన కలుగును గనుక కొనుటకు ముందు పెట్టుకొని చూడవలెను. పైగా బ్యాటరీ యరిగిన నాడు దీని ప్రభావమంతయు పోవును.

బరువొక్కటే కొలతయని భ్రమపడరాదు. బరువును నెత్తిపై విశాలముగ పరచిన పట్టీ, తేలికైనను ఒకే బిందువున నొక్కు పట్టీకంటె సుఖకరము. అయినను అంతటికి నొక హద్దు కలదు. 2020లో ఆపిల్ కంపెనీ వెలువరించిన ఎయిర్‌పాడ్స్ మాక్స్ సుమారు 385 గ్రాములు తూగును. దాని తలపట్టీ వలవంటి మృదువైన యల్లికతో చేసినదే. కాని పదమూడేండ్ల బాలుని మెడ యా బరువును మూడు గంటలు మోయుట న్యాయము కాదు.

వెలను గూర్చి యొక మాట. వెల హెచ్చినకొలది ధ్వని మేలగునని పిల్లలు తలిదండ్రులను వేధించుట నే నెరుగుదును. 2017లో జెరోన్ బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల ధ్వనిస్వభావమును కొలిచి, దానికిని వెలకును సంబంధము కనబడలేదని ప్రకటించెను. తలిదండ్రులారా, ఈ సంఖ్యను గుర్తుంచుకొనుడు, పనికివచ్చును.

అంగడిలో మనలను మోసగించు మరియొక గారడీ కలదు. రెండు జతలను ప్రక్కప్రక్కన వినునప్పుడు, ఏది కొంచెము బిగ్గరగ పలుకునో యదియే మేలైనదిగ చెవికి తోచును. అందుచేత రెండింటిని సమానమైన బిగ్గరతకు తెచ్చిన తరువాతనే తీర్పు చెప్పవలెను. తెలియని పరభాషాపాటతో గాక, మనము బాగుగ నెరిగిన కంఠముతో పరీక్షింపవలెను. మన గాయకబృందము హార్మోనియముతో పాడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన రికార్డొకటి చాలును. ఏ స్వరము ఎవరిదో మనకు తెలియును గనుక హెడ్‌ఫోనుల యబద్ధము వెంటనే బయటపడును.

ఇప్పుడు నా మాటలలోని ముఖ్యాంశమునకు వచ్చుచున్నాను. చెవి లోపల ధ్వనిని గ్రహించు సూక్ష్మమైన రోమకణములు కలవు. అవి నశించినచో మనుష్యునికి మరల మొలవవు. ప్రపంచ ఆరోగ్యసంస్థ పెద్దలకు 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలు మించరాదనియు, పిల్లలకు 75 డెసిబెలులనే యంతకాలము మించరాదనియు సూచించుచున్నది. ధ్వని 3 డెసిబెలులు పెరిగినచో వినదగిన కాలము సగమగును. ఆ లెక్కను పెద్దలకు 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు మాత్రమే మిగులును. ఫోనులోని గీత రెండు మెట్లు పైకి జరిగినప్పుడు వ్రేలికి బరువు తెలియదు. వెల చెవి చెల్లించును.

గీత నెందుకు జరుపుదుము? చాలసార్లు పాటయందలి యాసచేత గాదు, చుట్టునున్న రొదచేత. మెత్త సరిగ నంటనివాడు, సందులగుండ మంద్రము కారిపోవువాడు, ఫ్యాను క్రింద తెరచిన హెడ్‌ఫోనులతో కూర్చుండువాడు, ధ్వని చాలక మరికొంత పెంచుకొనును. తలకు సరిపడిన మూతగల హెడ్‌ఫోనులలో నదే పాఠము తక్కువ ధ్వనితో స్పష్టముగ వినబడును. సుఖము విలాసము కాదనుట కింతకంటె నిదర్శనమేమి? అది చెవికి కాపలావాడు.

"పైకప్పు బాగుచేయుటకును, పుస్తకములు కొనుటకును చాలని ధనముతో ఈ సొగసులేల?" అని కొందరు పెద్దలు నన్నడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని చూపులేని విద్యార్థికి హెడ్‌ఫోనులే పుస్తకము. మనము తక్కినవారికి అక్షరములు చెరగిన పుస్తకమును కొనము గదా! పాఠశాలకు మిక్కిలి వెలగలది యక్కరలేదు. మూసిన గిన్నెలు, 250 గ్రాములకు మించని బరువు, మాటను స్పష్టముగ పలుకు ధ్వని, సులభముగ తుడిచి మార్చుకొనదగిన మెత్తలు, ఈ నాలుగును చాలును. బ్యాటరీతో పనిలేని తీగగలది మేలు. పలువురు వాడు వస్తువు గనుక మెత్తలపై గుడ్డ తొడుగులు వేసి ఉదుకుచుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి: ఎవరు వాడుదురో వారి తలపైనే పరీక్ష జరుగవలెను; రెండు నిమిషములు గాదు, ఒక గంట. ఆ గంటలో తలపై హెడ్‌ఫోనులున్నవను సంగతియే మరపునకు వచ్చినచో, అవియే మంచివి.

ఈ సంవత్సర మా విద్యార్థిని వెంటబెట్టుకొని యంగడికి పోయితిమి. అతడు పాట నడుగలేదు. తన చరిత్రపాఠమును పెట్టుమని, బల్లప్రక్కన కూర్చుండి వినసాగెను. అంగడివాడు కొంత విసుగు చెందిన మాట నిజము. మూడు జతలను పరీక్షించి, మేము మెచ్చిన దానిని కాక, మెరుపులేని నల్లని జత నొకదానిని అతడు కోరెను. వెల తొలుత కొన్నదానికంటె తక్కువ. ఇప్పుడు సాయంకాలమున పుస్తకశాల మూయు గంట కొట్టినప్పుడు మేమే పోయి యతని భుజము తట్టవలసివచ్చుచున్నది.