కార్ల రాష్ట్రంలో కార్లు తిరగని దీవి

అమెరికాలో కార్ల తయారీకి పుట్టినిల్లు మిషిగన్. మోటారు బండ్లను 1898లోనే ఊళ్లోకి రానివ్వని మ్యాకినా దీవి ఉన్నదీ ఆ రాష్ట్రంలోనే. ఇంజిన్ల చప్పుడుకు గుర్రాలు బెదురుతున్నాయని బగ్గీలు తోలేవాళ్లు మొరపెట్టుకుంటే వచ్చిన నిషేధం అది. అంబులెన్సు, ఫైరింజను లాంటి అత్యవసర వాహనాలకు, చలికాలంలో స్నోమొబైళ్లకు తప్ప నేటికీ దాన్ని సడలించలేదు. దీవి చుట్టూ తిరిగే ఎం-185 రాష్ట్ర రహదారి సుమారు 13 కిలోమీటర్లు. దాని మీద కనిపించేవి సైకిళ్లు, గుర్రపు బండ్లు, నడిచే మనుషులు. డెట్రాయిట్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఐ-75 ఎక్కితే ఇది ఒక పూట ప్రయాణం. అలాగని పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరాలని పరుగెత్తితే దక్కేది అలసటే. దారిలో ఆగడం కూడా యాత్రే. 1957లో తెరిచిన ఎనిమిది కిలోమీటర్ల మ్యాకినా వంతెన దాటాక, సెయింట్ ఇగ్నస్ దగ్గర క్యాజిల్ రాక్ అనే పెద్ద బండ ఉంది. దాని కింద జానపద కథల్లో చెట్లు నరికే వీరుడు పాల్ బన్యన్, అతని నీలి ఎద్దు బేబ్ బొమ్మలుంటాయి. పిల్లల్ని అక్కడ ఫొటో దిగనిచ్చి, మెట్లెక్కించి, హ్యూరన్ సరస్సును చూపించాకే ఫెర్రీ ఎక్కాలి. దీవిలో దిగగానే సైకిళ్లు అద్దెకు తీసుకోవాలి. వెనక నుంచి కారు వస్తుందన్న భయం లేకుండా మనవరాలు ముందు, తాతయ్య వెనక తొక్కుకుంటూ వెళ్లగల రహదారి అమెరికాలో అరుదు. ఈ వేసవిలో వెళ్లేవాళ్లు కనీసం ఒక రాత్రి అక్కడే ఉండేలా ఏర్పాటు చేసుకోండి.