వేటకు ధర్మము కలదా?



మా ఝరాసంగము చుట్టుపట్ల బయళ్లలోను చేలలోను కృష్ణజింకలు తిరుగుచుండును. మగదానిని ఇఱ్ఱి యనియు, ఆడుదానిని లేడి యనియు మన పెద్దలందురు. గంతులిడుచు పోవు ఆ మంద చూచువారికి కన్నులపండువు. మొలకలు మేయబడిన రైతునకు గుండెకోత. ఈ రెండును గాక మూడవ చూపు ఒకటి కలదు. అది వేటకాని చూపు. కొమ్ముల కొరకును గొప్ప కొరకును చేయు వేటలో న్యాయాన్యాయములు కలవా యను విషయమును ఈ నెల విచారింతము.

కలవనియే పాశ్చాత్య వేటకాండ్ర మతము. అమెరికా దేశమున 1887లో థియోడోర్ రూజ్వెల్టు మున్నగువారు బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బను సంఘమును స్థాపించిరి. మృగమునకు తప్పించుకొనిపోవు అవకాశ ముండవలెనని వారి నియమము. దాటరాని కంచెలోపల చంపిన మృగముల కొమ్ములను వారు తమ పట్టికలో నెక్కించుకొనరు. అయినను ఆ దేశమందే టెక్సాసు రాష్ట్రమున, 1932లో కొనిపోయి విడిచిన మన కృష్ణజింకల సంతతిని రుసుము చెల్లించినవారు నేడు వేటాడుచున్నారు. కొన్ని తావులలో ఆ వేట ఎత్తైన కంచెల నడుమనే జరుగును.

1902లో రూజ్వెల్టు దేశాధ్యక్షుడై యుండి మిసిసిపి అడవులకు వేటకు పోగా, తోడివారు ఒక ఎలుగుబంటిని చెట్టునకు కట్టివేసి కాల్చుమనిరి. కట్టివేసిన మృగమును తాను కాల్చననెను. పిల్లలాడుకొను టెడ్డీ బొమ్మ ఆ కథనుండియే పుట్టినది. కాని కథలోని రెండవ సగమును తల్లులు పిల్లలకు చెప్పరు. గాయములతో నున్న ఆ ఎలుగును బాధ తీరునట్లు కత్తితో చంపుడని ఆయనయే ఆజ్ఞాపించెను. నియమము వేటకాని గౌరవమును నిలిపినది. ఎలుగు ప్రాణమును నిలుపలేదు.

ఈ విచారము మన గ్రంథములకు క్రొత్త కాదు. భారతమున మృగరూపముతో భార్యను గూడియున్న కిందముని పాండురాజు బాణముతో కొట్టెను. వేటాడుట రాజులకు కలదని ఒప్పుకొనియే, ఆ సమయమున కొట్టుట క్రూరమని ముని శపించెను. రామాయణమున వాలి, చాటునుండి కొట్టితివేమని అడిగినపుడు, మృగము ఎదుట నున్నను పెడమొగమై యున్నను వేటకాండ్రు కొట్టుదురనియు అందు దోషము లేదనియు రాముడు బదులు చెప్పెను. ఒకచోట వేటకు హద్దు కలదు, మఱియొకచోట లేదు. మనువు మాత్రము రాజునకు కామమువలన కలుగు పది వ్యసనములలో వేటనే మొదట పేర్కొనెను.

మా బుద్ధికి తోచినది చెప్పెదము. పందెమనిన ఇరుపక్షములును ఒప్పుకొనవలెను. లేడి ఏ పందెమునకు ఒప్పుకొన్నది? వేటలోని న్యాయమంతయు ఒక పక్షమువారు వ్రాసికొన్నదే. అయినను దానిని మేము తేలికగా త్రోసివేయము. చూచువారు లేని అడవిలో తన చేతిని తానే నిలుపుకొనుట సామాన్యము కాదు. అట్టి నిగ్రహము తొలగినపుడు ఏమగునో చివంగి కథ చెప్పుచున్నది. ఒకప్పుడు రాజులు ఇఱ్ఱులపై ఉసికొల్పుటకు చివంగులను పెంచెడివారు. 1947లో కొరియా సంస్థానాధీశుడు రాత్రివేళ మోటారు దీపముల వెలుగులో మూడు చివంగులను కాల్చెను. 1952లో ఆ జాతి మన దేశమున నశించినట్లు ప్రకటింపబడినది. ఇటీవల 2022లో ఆఫ్రికానుండి తెచ్చి మరల విడువవలసివచ్చెను.

నేడు మన దేశమున ఇట్టి వేటయే నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున కృష్ణజింక మొదటి షెడ్యూలులో నున్నది. దానిని చంపినవారికి మూడేండ్లకు తగ్గని చెఱసాల, ఏడేండ్లవఱకు. అయినను దొంగవేట ఆగలేదు. 2017లో మహాదేవపూరు అడవులలో జింకలను తుపాకులతో చంపిన వ్యవహారము మన రాష్ట్రమంతట అలజడి రేపెను. చీకటిలో దీపము వేసి, కన్నులు చెదరి నిలిచిన మృగమును కాల్చువానికి చట్టమును లేదు, పాతవేటకాని నీతియు లేదు. లేడి ఈతకు ఒక్క పిల్లనే కని, తొలిదినములలో దానిని గడ్డిలో దాచి మేతకు పోవును. ఆ గుండు తగిలినది తల్లికైనచో గడ్డిలోని పిల్ల సంగతి ఎవరెఱుగుదురు? చీకటిలో శబ్దమునుబట్టి బాణమువేసిన దశరథుడు ఒక గ్రుడ్డి తలిదండ్రుల ఆశను కూల్చిన సంగతి మనమందఱము చదివినదే.

రైతు నష్టము అబద్ధము కాదు. పరిహారము సకాలమున ఇప్పింపుమని అతనితో కలిసి అడుగుట మన విధి. కాని అతని కన్నీటిని చాటుచేసికొని విందుకొరకు వేటాడుట మోసము.

ఇక మన పాలిటి పని. దుప్పికొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. ఇఱ్ఱికొమ్ములు అట్లు రాలవు. ఇఱ్ఱి చావనిదే అవి గోడకెక్కవు. కాబట్టి చావడిలో అట్టివి చూపి గొప్పలు చెప్పువారిని మెచ్చుకొనకుందము. చట్టము దృష్టిలో ఆ మాంసము ఇంట నుంచుకొనుటయు నేరమే. తుపాకి మగవారి చేతిదైనను పొయ్యి మన చేతిది. బంధువైనను, ఊరిపెద్దయైనను, జింకమాంసము తెచ్చి వండుమనినపుడు "మా పొయ్యిమీద ఇది ఉడుకదు" అని చెప్పగల గృహిణి యున్న ఇంటికి వేటకాడు రెండవమారు రాడు.