బీఏ చదివే పిల్ల మీద జాలి అక్కర్లేదు

పోయిన నెల ఒక గృహప్రవేశంలో, విస్తరి ముందు కూర్చున్న పెద్దమనిషి మా మేనకోడల్ని ఏం చదువుతున్నావమ్మా అని అడిగాడు. విమెన్స్ కాలేజీలో బీఏ అని చెప్పింది. "అయ్యో, ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా తల్లీ?" అన్నాడు. పక్కావిడ అందుకుంది. "పోన్లెండి, ఆడపిల్లల కాలేజీ, భయం లేదు. మంచి సంబంధం కుదిరేదాకా ఏదో ఒకటి." పిల్ల తలొంచుకుని పప్పు కలుపుకుంది. శుభకార్యంలో రభస ఎందుకని నేనూ నోరు మూసుకున్నాను. తప్పు చేశాను. అలాంటి కాలేజీలోనే ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినదాన్ని, అక్కడే సమాధానం చెప్పి ఉండాల్సింది.

ర్యాంకు రానివాళ్ళే ఆర్ట్సుకి వస్తారన్న నమ్మకం ఆకాశం నుంచి ఊడిపడలేదు. కార్పొరేట్ జూనియర్ కాలేజీలు ఊరూరా ఫ్లెక్సీలు కట్టి మన బుర్రల్లోకి ఎక్కించాయి. వాళ్ళ దృష్టిలో ఎంపీసీ, బైపీసీ తప్ప గ్రూపులే లేవు. హెచ్ఈసీ అంటే సిగ్గుపడాల్సిన సంగతి. ఆఖరికి అమ్మభాషని కూడా వదల్లేదు. మార్కులు రాలతాయని పిల్లల చేత తెలుగు మాన్పించి సంస్కృతం తీయించారు. ఒక్క సంస్కృత వాక్యం సొంతంగా రాయలేని పిల్లకి అందులో నూటికి తొంభై తొమ్మిది. అలా రెండేళ్ళు బిట్లు బట్టీపట్టి, ఒక్క కథయినా చదవకుండా డిగ్రీకి వచ్చిన పిల్లలకి నేను పాఠం చెప్పాను. "ఈ కథలో నీకు నచ్చనిదేమిటి?" అని అడిగితే బిత్తరపోయి చూసేవారు. పదిహేడేళ్ళు వచ్చినా ఆ ప్రశ్న వాళ్ళని ఎవరూ అడగలేదు. నా కోపమంతా దీని మీదే. నచ్చలేదని చెప్పడానికి ఒకమ్మాయికి ఆరు నెలలు పట్టింది. చెప్పిన రోజున క్లాసంతా ఆమె మీద విరుచుకుపడింది, ఆమె వెనక్కి తగ్గలేదు. ఈ చదువుకి ర్యాంకు ఎక్కడ వేస్తారు?

బీఏ దేనికి పనికొస్తుందని అడిగేవాళ్ళు దుర్గాబాయి దేశ్‌ముఖ్ బతుకు చూడాలి. 1909లో రాజమండ్రిలో పుట్టింది, ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఆ పెళ్ళి కాదనుకుని, జైలుకెళ్ళొచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పొలిటికల్ సైన్సు చదివింది. ఆడపిల్లలకి హాస్టలు లేదంటే తనే పిల్లల్ని కూడగట్టి వసతి ఏర్పాటు చేసుకుంది. రాజ్యాంగ సభలో కూర్చుని మాట్లాడింది. 1958లో స్త్రీవిద్య మీద వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలైంది. ఆర్ట్సు గ్రూపుని చులకన చేసే నోళ్ళు ఆమె పేరైనా తలవవు.

ఆడపిల్లలకి వేరే కాలేజీ ఏమిటి, పాతకాలం మాట అనే ఆధునికులూ ఉన్నారు. వాళ్ళు ఒక్కసారి మా కాలేజీ వార్షికోత్సవం చూడాల్సింది. పద్యనాటకంలో దుర్యోధనుడు అమ్మాయే, కృష్ణుడు అమ్మాయే. మైకు సెట్ చేసేదీ, లైట్ల కోసం బల్లలెక్కేదీ, సంఘం ఎన్నికల్లో ఓడి ఏడ్చి మళ్ళీ నిలబడేదీ అమ్మాయిలే. ఇంట్లో తమ్ముడు మాట్లాడాకే నోరు విప్పే పిల్ల అక్కడ గదతో వచ్చి రాగం తీస్తే హాలు దద్దరిల్లేది. హైదరాబాదు కోఠీ విమెన్స్ కాలేజీ సంగతే చూడండి. 1924లో మొదలై, తర్వాత బ్రిటిష్ రెసిడెన్సీలోకి మారింది. తెల్లదొర నిజాం మీద ఓ కన్నేసి కొలువుతీరిన భవనంలో మన ఆడపిల్లలు తరాల తరబడి చదువుకున్నారు. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. ఇది పాతకాలం మాట ఎలా అవుతుంది?

అన్నిటికన్నా నన్ను మండించింది గృహప్రవేశంలో పక్కావిడ అన్న మాట. భయం లేదట, సంబంధం కుదిరేదాకానట. ఆడపిల్లల కాలేజీని సామాన్లగదిలా చూస్తారు, వస్తువు పాడవకుండా ఉంటే చాలు. ఈ రోగం బయటివాళ్ళతో ఆగలేదు, కాలేజీలకీ అంటుకుంది. నేను పనిచేసిన ఒక చోట నాలుగు కొట్టగానే లైబ్రరీకి తాళం పడేది. బస్సు ఆరింటికి. ఆ రెండు గంటలూ పిల్లలు గేటు లోపల చెట్టు కింద కూర్చునేవారు. పుస్తకాలు ఇరవై అడుగుల దూరంలో, తాళం వెనక. తీసి ఉంచండని రెండేళ్ళు అడిగాను. "ఏదైనా జరిగితే తల్లిదండ్రులకి ఏం చెప్తాం మేడమ్?" అనేవారు. చదువుకునే పిల్లకి పుస్తకం అందనివ్వకపోవడం ఏదైనా జరగడం కాదా? ఆ తాళం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మరేం చేయాలంటారా? లైబ్రరీ రాత్రి ఎనిమిదింటిదాకా తెరవండి, బస్సు వేయండి. గంటకింత అని లెక్కగట్టే గెస్ట్ లెక్చరర్లతో చరిత్ర, రాజనీతి విభాగాలు నెట్టుకురావడం ఆపి, పూర్తి జీతం మీద మనుషుల్ని వేయండి. డబ్బెక్కడిదంటే ఆ లెక్క వేయాల్సింది ప్రభుత్వాలు.

మా మేనకోడలు ఇప్పుడు కాలేజీ ప్రాజెక్టు కోసం వాళ్ళ పేటలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ జీతాలు రాసుకుంటోంది. నిన్న ఫోను చేసి, "అత్తా, ముప్ఫై రెండిళ్ళు అయ్యాయి" అంది. ఆదివారం సెలవిస్తారా అన్న ప్రశ్న కాలేజీవాళ్ళిచ్చిన ఫారంలో లేదట. పెన్నుతో అడుగున తనే రాసుకుని, మొదట వెళ్ళొచ్చిన ఇళ్ళకి మళ్ళీ వెళ్తోంది.