అరుదైన బాతు వాలితే చాలదు.. శిఖం మిగలాలి
చలికాలం అతిథులకు సిద్దిపేట చెరువులు ఎంతవరకు అనుకూలం?

సిద్దిపేట: చలికాలం వచ్చిందంటే పల్లె చెరువుల్లో కొత్త రెక్కల చప్పుడు వినిపిస్తుంది. ఎప్పుడూ చూడని బాతు ఒకటి నీటిపై తేలితే చాలు, ఆ వార్త గంటల్లో జిల్లా దాటుతోంది. కెమెరాలతో వచ్చేవారూ పెరుగుతున్నారు. ఈ ఆసక్తి స్వాగతించదగినదే. అయితే ఆ పక్షి ఆ చెరువునే ఎందుకు ఎంచుకుంది, మరుసటి ఏడు మళ్లీ వస్తుందా అన్న ప్రశ్నలు మాత్రం చర్చకు రావడం లేదు.

వేల కిలోమీటర్ల ప్రయాణం

సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా నుంచి హిందూ మహాసముద్ర తీరాల వరకు సాగే వలస మార్గాన్ని శాస్త్రజ్ఞులు మధ్య ఆసియా మార్గంగా వ్యవహరిస్తారు. దక్కన్ పీఠభూమి చెరువులు ఈ దారిలోని మజిలీలే. తలపై రెండు నల్లని పట్టెలు ఉండే బార్ హెడెడ్ గూస్ హిమాలయాలను దాటే క్రమంలో 7 వేల మీటర్లకు పైగా ఎత్తున ఎగిరినట్లు పరిశోధకులు నమోదు చేశారు. సూదిలాంటి తోక గల పిన్‌టెయిల్, గరిటె ముక్కు షావెలర్, చిన్నపాటి గార్గనే బాతులూ చలికాలంలో దక్షిణాదికి వస్తాయి. ఎర్రతల పోచార్డ్ బాతు 2015 నుంచి అంతర్జాతీయంగా ముప్పు ఎదుర్కొంటున్న జాతుల జాబితాలో ఉంది.

ఈ ప్రాంత పక్షుల శాస్త్రీయ నమోదు కొత్తదేమీ కాదు. నిజాం కాలంలో, 1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యంలో పక్షుల సర్వే నిర్వహించారు.

లోతు పెరిగితే మేత కరువు

నీరు ఎక్కువైతే పక్షులూ ఎక్కువవుతాయన్నది సాధారణ అభిప్రాయం. వాస్తవం అంత సులభం కాదు. పోచార్డ్ వంటివి మునిగి మేస్తాయి. పిన్‌టెయిల్, గార్గనే వంటివి సాధారణంగా మునగవు. తల నీటిలో పెట్టి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే గింజలు, నాచు, పురుగులు ఏరుకుంటాయి. వాటికి జానెడు, మూరెడు లోతు నీరే అన్నపు కంచం.

ఆ లోతు దొరికేది కట్ట దగ్గర కాదు, ఎదురుగా ఉన్న శిఖంలో. నీరు మెల్లగా వెనక్కి తగ్గుతున్న కొద్దీ అక్కడ బురద, తుంగ, గడ్డి గింజలు బయటపడతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా పెట్టుకున్నారు. పూడికతీత వల్ల నిల్వ పెరిగింది, పొలాలకు ఒండ్రు చేరింది. ఆ తర్వాత రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ 2020లో, మల్లన్నసాగర్ 2022లో అందుబాటులోకి వచ్చాయి. రైతుకు ఇది మేలే. కానీ అంచులను నిటారుగా తవ్విన చోట, నీరు ఏడాది పొడవునా నిండుగా నిలిచిన చోట నిస్సార జలాల వెడల్పు తగ్గుతుంది. శిఖం ఆక్రమణకు గురైతే మిగిలిన కొద్దిపాటీ పోతుంది.

చట్టంలో ఖాళీ

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వలస బాతులను వేటాడటం నేరం. అంటే పక్షికి రక్షణ ఉంది. దాని మేత భూమికి మాత్రం అంత రక్షణ లేదు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం ప్రత్యేకంగా నిర్మించిన జలాశయాలను తమ పరిధి నుంచి మినహాయించాయి. సిద్దిపేట పల్లెల్లోని గొలుసుకట్టు చెరువులు సాగు కోసం కట్టినవే.

మరో దారి జీవవైవిధ్య చట్టం. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అయినా అక్కడ ఆక్రమణలు, కాలుష్యంపై ఫిర్యాదులు ఆగలేదు. హోదాతో పాటు కాపలా ఉండాలని ఈ అనుభవం చెబుతోంది.

ఊరే కాపలా

కాపలా ఉన్నచోట ఫలితమూ ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు జిల్లా ఉప్పలపాడు గ్రామస్థులు పక్షులను ఊరి చుట్టాలుగా చూసుకుంటున్నారు. ఆ రెండు ఊళ్లకూ పక్షుల వల్లే పేరు వచ్చింది.

సందర్శకుల తీరూ ముఖ్యమే. 2021 ఫిబ్రవరిలో అస్సాంలోని మాగురి బీల్‌లో మాండరిన్ బాతు కనిపించినప్పుడు జనం పోటెత్తారు. అంతకుముందు ఏడాదే సమీపంలోని బాగ్‌జాన్ చమురు బావి ప్రమాదంతో ఆ సరస్సు కలుషితమైంది. అరుదైన పక్షి వచ్చినంత మాత్రాన చెరువు క్షేమంగా ఉన్నట్లు కాదని దీన్నిబట్టి గ్రహించాలి. దగ్గరికి వెళ్లి లేపిన ప్రతిసారీ బాతు తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వును ఖర్చు చేస్తుంది. కట్టపై నుంచి దుర్భిణితో చూడటమే మేలు.

మత్స్యకారుల జీవనోపాధిని కాదని పక్షులను కాపాడలేం. చెరువు మొత్తాన్ని కాకుండా, చలికాలం నాలుగు నెలలు శిఖం వైపు ఒక మూలను వల వేయకుండా వదిలేందుకు సహకార సంఘాలతో గ్రామసభలు మాట్లాడవచ్చు. పూడిక తీసేటప్పుడు అంచుల వాలును కాపాడాలని నీటిపారుదల శాఖను కోరవచ్చు. శిఖం హద్దులు తేల్చి రాళ్లు పాతించవచ్చు. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనలో పాఠశాల విద్యార్థులను భాగస్వాములను చేస్తే ఏ చెరువుకు ఎన్ని వస్తున్నాయో లెక్క తేలుతుంది. ఒక్క బాతు ఫొటో ఒక్కరోజు వార్త. పదేళ్ల లెక్క ఉంటే చెరువు తరఫున అధికారుల ముందు పెట్టడానికి ఆధారం దొరుకుతుంది.