మందుల షాపులో ధర్మపన్నాలు

"మేం అలాంటివి అమ్మం."

హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోని మందుల షాపులో ఒక సాయంత్రం ఈ మాట విన్నాను. అడిగిన అమ్మాయికి పాతికేళ్లు కూడా ఉండవు. ఆమెకు కావలసింది అత్యవసర గర్భనిరోధక మాత్ర. కౌంటరు వెనకున్న పెద్దమనిషి ఆమె మెడకేసి, ఆ తర్వాత కాలివేళ్లకేసి చూసి మరీ ఆ మాట అన్నాడు. నా బీపీ మాత్రలకు మాత్రం డాక్టరు చీటీ ఊసే ఎత్తకుండా "ఒక షీటు చాలా మేడమ్?" అన్నాడు. ఎందుకమ్మరని కల్పించుకుంటే, "మనకూ ఆడపిల్లలున్నారు కదా మేడమ్, కొన్ని పద్ధతులు చూసుకోవాలి" అని జవాబు. నేను వెనక్కి తిరిగేసరికి ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ఇంతకీ అతనికి అంత అభ్యంతరమైన ఆ మందు ఏమిటి? లెవోనార్జెస్ట్రెల్. 2005 నుంచి మన దేశంలో డాక్టరు చీటీ లేకుండా అమ్మదగ్గ మందు. ఇది అబార్షన్ మాత్ర కాదు. అండం విడుదల కాకుండా ఆపుతుంది, లేదా ఆలస్యం చేస్తుంది. గర్భం నిలిచాక దీనివల్ల ఏమీ కాదు. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అందుకే "ఇంకో షాపులో అడుక్కో" అనేది చిన్న మాట కాదు. నగరంలో నాలుగు వీధులు తిరిగితే ఇంకో షాపు దొరుకుతుంది. మండల కేంద్రంలో ఉండేవి రెండో మూడో. వాటిలో ఒకటి మేనమామ స్నేహితుడిది అయి ఉంటుంది. విచిత్రమేమిటంటే, 2011లో మొదలైన పథకం కింద ఇదే మాత్రను 2 రూపాయలకు ఇంటి గుమ్మం దగ్గరే ఇమ్మని ఆశా కార్యకర్తలకు ప్రభుత్వమే చెప్పింది. (ఆశా దగ్గరుండే జాబితాలో పెళ్లయిన దంపతులే ఉంటారనేది మరో చర్చ.)

అతనికి నమ్మకాలు ఉండకూడదా అని అడగొచ్చు. ఉండొచ్చు. ఈ ప్రశ్నను ఎగతాళి చేసి దాటేయడం నాకిష్టం లేదు. మనస్సాక్షి స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది. అయితే అది ప్రజారోగ్యానికి లోబడి ఉంటుందని కూడా అదే వాక్యంలో ఉంది. అసలు సంగతి లైసెన్సు దగ్గర ఉంది. డాక్టరు చీటీ మీద మందిచ్చే పనిని 1948 ఫార్మసీ చట్టం రిజిస్టరైన ఫార్మసిస్టులకే అప్పగించింది. లైసెన్సు లేనివాళ్లు మందుల షాపు పెట్టడానికి వీల్లేదు. ఆ అమ్మాయి మీద జాలితో నేను మా ఇంట్లో మందుల దుకాణం తెరవలేను కదా! అంటే మిగతా అందరినీ పక్కకు తప్పించి ఆ తలుపు తాళంచెవిని సమాజం అతని చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి పట్టుకుని "నా మనస్సాక్షి ఒప్పుకోదు" అంటే అది వ్యక్తిగత నైతికత ఎలా అవుతుంది? అది అధికారం.

డాక్టర్ల సంగతి చూడండి. వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు కుటుంబ నియంత్రణకు, గర్భస్రావానికి సాయం చేయడాన్ని కేవలం మత కారణాలతో నిరాకరించకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి స్పష్టంగా చెప్పింది. కత్తి పట్టే డాక్టరుకే లేని మినహాయింపు, డ్రాయరులోంచి షీటు తీసిచ్చే మనిషికి కావాలా?

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో 2002లో ఒక ఫార్మసిస్టు ఒక విద్యార్థినికి గర్భనిరోధక మాత్రలు ఇవ్వనన్నాడు. ఆమె చీటీని ఇంకో షాపుకు బదిలీ చేయడానికీ ఒప్పుకోలేదు. 2005లో అక్కడి ఫార్మసీ బోర్డు అతని మీద చర్య తీసుకుంది. అతను కనీసం తన మత విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకున్నాడు. మన దగ్గర "స్టాకు లేదు" అనే అబద్ధంతో పని జరిగిపోతుంది.

పైగా ఈ మనస్సాక్షి ఎవరిని చూసి మేల్కొంటోంది? మగవాడు కండోమ్ అడిగితే పెళ్లయిందా అని అడగరు. చీటీ లేకుండా సిల్డెనాఫిల్ ఇస్తారు, యాంటీబయోటిక్స్ ఇస్తారు. గోడకు వేలాడే సర్టిఫికెట్ ఒకరిది, మందిచ్చే చెయ్యి మరొకరిది అయిన షాపులు మనకు తెలియనివి కావు. సర్టిఫికెట్ అద్దెకు తెచ్చుకున్నప్పుడు నోరెత్తని నీతి, మెడలో తాళి కనపడకపోతే మాత్రం గొంతు విప్పుతుంది.

అబార్షన్ మాత్రల విషయం వేరు. మిఫెప్రిస్టోన్‌కు డాక్టరు చీటీ తప్పనిసరి, అడగడం వాళ్ల విధి. కానీ "మీ ఆయన్ని తీసుకురా" అనడం ఏ విధి? మేజరైన స్త్రీకి తన అంగీకారం ఒక్కటి చాలని చట్టం అంటుంటే, పెళ్లి అయినవారికీ కానివారికీ అబార్షన్ హక్కులో తేడా చూపకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెబితే, కౌంటరు దగ్గర వేరే చట్టం నడుస్తోంది. తనిఖీలకు జడిసి ఈ మందులు పెట్టడమే మానేశామనే షాపులవాళ్ల మాటను నేను కొట్టిపారేయను. అందుకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. కానీ షాపు మూసినంత మాత్రాన అవసరం మూతపడదు. 2015లో దేశంలో కోటీ 56 లక్షల అబార్షన్లు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రుల బయట మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంతమంది స్త్రీలకు మోతాదు చెప్పగలిగిన మనిషి ఎవరు? ఆ కౌంటరు వెనక మనిషే.

"నిన్నటిదాకా హార్మోన్లు వద్దని పోరాడింది మీరే కదా" అని నన్నొక మిత్రుడు దెప్పాడు. నిజమే. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ ఇంజక్షన్ ప్రయోగానికి స్త్రీలను పోగుచేసినప్పుడు మా ముందు తరం, స్త్రీ శక్తి సంఘటన స్త్రీలు, అడ్డుపడ్డారు. మరికొన్ని సంఘాలతో కలిసి 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ రోజు వివరాలు చెప్పకుండా పొడవబోయారు. ఈ రోజు అడిగినా ఇవ్వడం లేదు. రెండుసార్లూ నిర్ణయం ఆమెది కాకుండా పోయింది. ఇందులో మేం మాట మార్చిందేముంది?

ఒక్క షాపతనితో గొడవపడితే తేలే విషయం కాదిది. చీటీ అక్కర్లేని గర్భనిరోధక సాధనాలను నిరాకరించకూడదనే షరతును లైసెన్సులోనే పెట్టాలని రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖలనూ, ఫార్మసీ కౌన్సిళ్లనూ అడుగుదాం. అందుకు ఆధారాలు కావాలి. మీకో, మీకు తెలిసినవారికో ఇలాంటిది జరిగి ఉంటే ఊరు, తేదీ, ఏ మందు అడిగారు, షాపతను అన్న మాట ఉన్నదున్నట్టుగా రాసి పత్రికకు పంపండి. స్త్రీ పేరు అక్కర్లేదు. పెళ్లయిందో లేదో అసలే అక్కర్లేదు.