పాత స్కూటర్ పెట్రోల్లో నీళ్లు చేరాయా?

వానాకాలం రాగానే ఉప్పు డబ్బాలో చెమ్మ చేరుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్ల ఓ పట్టాన వెలగదు. అదే చెమ్మ వాకిట్లో ఉన్న పాత స్కూటర్నీ వదిలిపెట్టదు. నిన్న సాయంత్రం దాకా బాగానే తిరిగిన బండి, పొద్దున్నే పిల్లల్ని బడిలో దింపుదామనేసరికి స్టార్టవుతుంది, నాలుగు గజాలు వెళ్లి ఆగిపోతుంది. ఎన్ని కిక్కులు కొట్టినా అంతే! "పాతదైపోయింది, అమ్మేద్దాం" అన్న మాట ఇంట్లో మొదలవుతుంది. బడికీ బజారుకీ మీకు ఆధారం ఆ బండే అయితే, తొందరపడకండి. ముందు పెట్రోల్లో నీళ్లున్నాయేమో చూడండి.

చారులో పోపు నూనె పైకి తేలుతుంది కదా! పెట్రోలు కూడా అంతే, నీళ్లకంటే తేలిక. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు పెట్రోలు ముప్పావు కిలోకి అటూ ఇటూగా తూగుతుంది. కాబట్టి ట్యాంకులో పడిన నీళ్లు అడుగుకి దిగిపోతాయి. ఇంజనుకి పెట్రోలు వెళ్లే దారి కూడా అడుగునుంచే. అందుకే ట్యాంకు నిండా పెట్రోలున్నా, కొద్ది చెంచాల నీళ్లే బండిని ఆపేస్తాయి.

గుర్తుపట్టడం ఎలా అంటారా? బండి దగ్గినట్టుగా ఆగి ఆగి నడుస్తుంది. పికప్ తగ్గుతుంది. ఆన్, రిజర్వు ఉన్న పాత బండ్లలో, మామూలుగా నడుస్తున్నది రిజర్వులో పెట్టగానే మొరాయించిందంటే గట్టిగా అనుమానించవచ్చు. ఎందుకంటే రిజర్వులో పెడితే పెట్రోలు మరీ అడుగునుంచి వస్తుంది.

నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ట్యాంకు మూతకి ఉన్న రబ్బరు వాషరు గట్టిపడి పగిలితే వాన నీళ్లు దిగుతాయి. బండి కడిగేటప్పుడు మూతమీదే పైపు పెట్టినా దిగుతాయి. సగం ఖాళీ ట్యాంకుతో వారాల తరబడి నిలబెట్టేస్తే లోపలి గాలిలోని చెమ్మ గోడలకు బిందువులు కడుతుంది. ఒక్కోసారి బంకులోనే కలుస్తాయి.

ఇంకో సంగతి. మనదేశంలో పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. 2022లో అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కి చెమ్మని పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. మోతాదు మించిందా, నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. పైన మిగిలిన పెట్రోలు కూడా మునుపటిలా ఉండదు. విరిగిన పాలను మళ్లీ మామూలు పాలుగా చెయ్యలేం కదా! అందుకే కొత్త పెట్రోలు పోసి సర్దుకుపోదామనుకోకుండా, మొత్తం తీసేయించడమే మంచిది.

అనుమానం వచ్చాక కిక్కులు కొడుతూ, సెల్ఫ్ నొక్కుతూ కూర్చోకండి. బ్యాటరీ దిగిపోవడం తప్ప లాభం లేదు. మెకానిక్‌ని పిలిచి, ట్యాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టమనండి. పావుగంట కదపకుండా ఉంచితే, నీళ్లుంటే అడుగున వేరే పొరగానో, ముత్యాల్లాంటి బిందువులుగానో కనిపిస్తాయి. మీ కళ్లముందే తేలిపోతుంది కనుక అనవసరమైన ఖర్చూ తప్పుతుంది.

నీళ్లున్నాయని తేలితే ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టాలి. 2020కి ముందు కొన్న స్కూటర్లలో చాలావాటికి కార్బ్యురేటర్ ఉంటుంది. దాని అడుగు గిన్నెలో నిలిచిన నీళ్లు కూడా తీయించాలి. ఫిల్టరు, స్పార్క్ ప్లగ్ చూపించాలి. పాత ఇనుప ట్యాంకులో తుప్పు పట్టిందేమో టార్చిలైటు వేసి చూడమనండి. ఇదంతా కాకముందే "కార్బ్యురేటర్ మార్చాలమ్మా" అంటే, ఎందుకో అడగండి. అడగడంలో మొహమాటం వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ పని వంటింటి దగ్గర, వరండాలో, మెట్ల కింద చేయనివ్వకండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కంటికి కనపడకుండా నేలబారున పాకి స్టవ్వు దాకా, దేవుడి దీపం దాకా, అగరొత్తి దాకా వెళ్లగలదు. ఆరుబయట, పిల్లలు లేనిచోట, పగటివెలుగులోనే చేయాలి. రబ్బరు గొట్టం పెట్టి నోటితో పీల్చడం చాలామందికి అలవాటు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. తీసిన పెట్రోలుని మంచినీళ్ల సీసాలో పోసి ఇంట్లో ఉంచకండి. దాహమేసిన పిల్లలకు అది నీళ్లే! పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ పెట్రోలుని కాలవలో పారబోయకుండా మెకానిక్‌కే అప్పగించండి.

పెట్రోలు పోయించిన వెంటనే బండి ఆగిందా? బిల్లు దాచి, అదే బంకుకి వెళ్లి అడగండి. సాంద్రత పరీక్ష చేసి చూపమని అడిగే హక్కు మీకుంది. భూమిలోని ట్యాంకులో నీళ్లున్నాయేమో చూసే పేస్టు బంకుల్లో వాడతారు, ఆ సంగతీ అడగండి. జవాబు సరిగా లేకపోతే ఫిర్యాదుల పుస్తకంలో రాయండి.

బండిని వానలో ఉంచక తప్పకపోతే కవరు కప్పండి. వారానికోసారైనా కాస్త దూరం తిప్పండి. నెలల తరబడి వాడబోమనుకుంటే మెకానిక్ చేత ట్యాంకు ఖాళీ చేయించండి. ఈ వారం మాత్రం ఒక్క పని చేయండి: పెట్రోలు మూత తీసి, రబ్బరు వాషరు మెత్తగా ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. పగుళ్లుంటే వానలు ముదరకముందే మార్పించేయండి.